అష్టభోగాలు: రాజు ఇచ్చింది భూమినా, శిస్తునా?

చెన్నై శివార్లలో పాత స్థలం కొనబోయే తెలుగువాళ్లకు దస్తావేజులో ఒక వరుస ఎదురవుతుంది: నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యములనే అష్టభోగ తేజస్స్వామ్యములతో సహా అని. రైటరు గుక్క తిప్పుకోకుండా చదివేస్తాడు. కొనేవాడు మంత్రం విన్నట్టు తలూపుతాడు.

విజయనగర కాలపు రాగిరేకుల దానపత్రాల్లో ఈ వరుస బాగా కనిపిస్తుంది. నేలలో దొరికే ధనం, దాచిపెట్టిన సొమ్ము, నీళ్లు, రాయి, ఇప్పుడు వస్తున్న ఆదాయం, రాబోయేది, సాగులో ఉన్న నేల, సాగులోకి తేగల నేల. అన్నీ గ్రహీతవే.

ఇంకా వెనక్కి వెళ్తే ధోరణి వేరు. గౌతమీపుత్ర శాతకర్ణి తన 18వ పాలనా సంవత్సరంలో నాసిక్ గుహల సన్యాసులకు పొలం ఇస్తూ రాయించినవి దాదాపు అన్నీ 'వద్దు'లే. రాజభటులు అడుగుపెట్టొద్దు, ఉప్పు తవ్వొద్దు, జిల్లా అధికారులు జోక్యం చేసుకోవద్దు. పల్లవ యువరాజు శివస్కందవర్మ కాంచీపురం నుంచి ధాన్యకటకంలోని అధికారికి పంపిన మైదవోలు రేకుల్లోనూ ఇవే ప్రాకృతంలో ఉన్నాయి. తర్వాతి సంస్కృత శాసనాల్లో ఇది 'అచాటభటప్రావేశ్య', అంటే చాటులూ భటులూ అడుగుపెట్టరానిది, అయింది. భటుడెవరో తెలుసు, చాటుడెవరన్న దానిపై పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే ఆ 'వద్దు'ల జాబితాలే ఎక్కువ నిజం చెబుతాయి. మామూలు ఊళ్లో భటులు ఏమేం చేసేవారో వాటిని తిరగేసి చదివితే తెలిసిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడే. మినహాయింపులను బట్టి చూస్తే రాజు వదులుకున్నది శిస్తు, అంటే మేల్వారం. రాయీ నీరూ కూడా ఇచ్చాడంటే భూమే ఇచ్చినట్టు. 1858లో ఇనాములను, అంటే ఇలా దానంగా ఇచ్చినవాటిని, విచారించడానికి ఇనాం కమిషన్ వచ్చి టైటిల్ డీడ్లు ఇచ్చినా ఈ ప్రశ్న తెగలేదు. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టంతో అది రైతు బతుకు మీదికి వచ్చింది. ఊరి శిస్తు మాత్రమే దానం చేసి ఉంటే అది ఎస్టేటు, దున్నేవాడికి సాగు హక్కు ఉంటుంది. భూమే ఇచ్చి ఉంటే ఆ రక్షణ లేదు.

తెలుగు జిల్లాల అగ్రహారాల తగాదాలన్నీ అప్పట్లో మద్రాసు హైకోర్టుకే వచ్చేవి. బ్రాహ్మణ ఇనామంటే శిస్తు మాత్రమే అనుకోవాలని అక్కడ ఒక ఆనవాయితీ ఉండేది. తెలుగు అగ్రహారం ఒకదాని కేసులో, సూర్యనారాయణ వర్సెస్ పాతన్న, 1918లో లండన్‌లోని పై కోర్టు ప్రివీ కౌన్సిల్ ఆ ఊహ చెల్లదంది. ఇక దానపత్రంలోని మాటలు, ఊరి పరిస్థితులు తవ్వక తప్పలేదు. రైతులకు అది పెద్ద దెబ్బే, ఎందుకంటే చాలాచోట్ల అసలు పత్రాలే మిగల్లేదు.

1936 సవరణ ఊరు మొత్తం ఇనాంగా ఇచ్చిన గ్రామాలను, దానం ఏదైనా సరే, ఎస్టేట్లలో చేర్చింది. 1948 చట్టం ఎస్టేట్లనే రద్దు చేసింది, కానీ 1936 సవరణతో కొత్తగా ఎస్టేట్లయిన ఇనాం గ్రామాలను వదిలేసింది. అవీ, ఊరు మొత్తం కాకుండా ముక్కలుగా ఇచ్చిన చిన్న ఇనాములూ తమిళనాడులో 1963 చట్టాల దాకా ఆగాయి.