పోస్టల్ బ్యాలెట్: సంతకం దగ్గరే తగువంతా

2024 మే 13 పోలింగ్‌కు ముందు హైదరాబాద్–విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర ఓటేయడానికి సొంతూళ్లకు వెళ్లేవాళ్ల కార్లు బారులు తీరాయి. రావాల్సిందే మరి. బెంగళూరులో ఉద్యోగం చేసే గుంటూరు కుర్రాడికి పోస్టులో ఓటు వేసే వీల్లేదు. అమెరికాలో ఉన్నవాళ్లకు 2010 సవరణతో ఓటు హక్కు వచ్చినా, పాస్‌పోర్టు పట్టుకుని సొంతూరి బూత్‌కే రావాలి.

దీని వెనక అనుమానం ఒక్కటే. ఓటు వేసింది ఆ మనిషేనని ఎవరు పూచీ పడతారు? బూత్‌లో అయితే పార్టీల ఏజెంట్లు మొహం చూసి చెబుతారు. పోస్టులో వచ్చిన కవరుకు మొహం ఉండదు.

బూత్‌లోనూ మొదట్లో తిప్పలే. 1952లో, మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, అభ్యర్థికో పెట్టె పెట్టారు. బ్యాలెట్ మీద పేర్లుండవు, నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావడమే. కాగితాన్ని పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకొచ్చి బయట అమ్ముకునే వీలుండటంతో ఆ పద్ధతి పోయింది. 1962 నాటికి ముద్ర వేసే బ్యాలెట్, 2004కల్లా అంతటా ఈవీఎం, 2019లో ప్రతి బూత్‌లో వీవీప్యాట్ వచ్చాయి. మీట నొక్కితే ఓటు చెల్లకపోవడమన్నది ఇక లేదు.

ఎన్నికల డ్యూటీలో ఉన్న ఉద్యోగుల్లాంటి కొందరికే ఉండే పోస్టల్ బ్యాలెట్ మాత్రం ఇంకా కాగితాల మీదే నడుస్తోంది. ఓటేసిన బ్యాలెట్‌ను చిన్న కవరులో పెట్టి అంటించి, పైన సీరియల్ నంబరు వేయాలి. ఫారం 13ఏ అనే డిక్లరేషన్ మీద ఓటరు సంతకం, దాన్ని ధ్రువీకరిస్తూ అధికారి సంతకం ఉండాలి. ఆ డిక్లరేషన్‌ను చిన్న కవరు బయట ఉంచి, రెండిటినీ కలిపి పెద్ద కవరులో పెట్టాలి. హడావిడిలో డిక్లరేషన్ కూడా చిన్న కవరులోకే పోయిందా, పెద్ద కవరు తెరిస్తే అది కనపడదు కాబట్టి చిన్న కవరు తెరవనే తెరవరు. ఊరందరి చేతా ఓటు వేయించిన టీచరు ఓటే చెల్లకుండా పోయేది ఇలాగే.

2019లో ఇక్కడ దాని వేడి తెలిసింది. విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు గెలిచింది 25 ఓట్లతో. గుంటూరు లోక్‌సభలో గల్లా జయదేవ్ ఆధిక్యం 4,205. అక్కడ పక్కన పెట్టిన పోస్టల్ ఓట్లు అంతకంటే ఎక్కువ కావడంతో గొడవ ముదిరింది.

2023 సవరణతో ఎన్నికల డ్యూటీలో ఉన్నవాళ్లు బ్యాలెట్‌ను ఇంటికి తీసుకెళ్లకుండా వాళ్ల కోసం పెట్టిన ఫెసిలిటేషన్ సెంటర్‌లోనే ఓటేసి, అక్కడే పెట్టెలో వేయాలన్నారు. మంచి పనే. డిక్లరేషన్ మీద సంతకానికి గెజిటెడ్ ఆఫీసర్ కోసం తిరిగే బాధ తప్పింది, ఇంట్లో పక్కన కూర్చుని టిక్కు పెట్టించే వాళ్ల బెడదా తగ్గింది. కానీ 2024లో తగువు కొత్త రూపంలో వచ్చింది. సెంటర్‌లో అధికారి సంతకం పెట్టాడు, పేరు, హోదా, సీలు లేవు. అది చెల్లుతుందా? రాష్ట్రంలో 5 లక్షలకు పైగా పోస్టల్ ఓట్లు పడటంతో పార్టీలన్నిటికీ టెన్షనే. చెల్లుతుందని ఎన్నికల సంఘం చెబితే వైఎస్సార్‌సీపీ కోర్టుకెక్కింది. హైకోర్టు జోక్యం చేసుకోలేదు. లెక్కింపుకు ముందు రోజు, జూన్ 3న, సుప్రీంకోర్టు కూడా కాదనేసింది. తీరా ఫలితాల్లో చాలాచోట్ల ఆధిక్యాలు భారీగా రావడంతో ఆ సంతకాల ఊసు పెద్దగా ఎవరూ ఎత్తలేదు.

ఇంట్లోంచే ఓటు వేసే వీలు 2019లో 80 ఏళ్లు దాటిన వాళ్లకిచ్చి, 2024లో 85కు పెంచారు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకూ ఉంది. నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లో ఫారం 12డీ అనే దరఖాస్తు ఇవ్వాలి. ఒకసారి ఇచ్చి, అనుమతి వచ్చాక, మనసు మారి బూత్‌కు వెళ్తానంటే కుదరదు. సిబ్బందే ఇంటికొస్తారు, రెండోసారి వచ్చినప్పుడూ మనిషి లేకపోతే ఆ ఓటు పోయినట్టే.