గుత్తిలో లేని తాళంచెవి

కర్నూలు

చిరంజీవులకు,

పెద్దనాయన ఆశీస్సులు. సర్వర్‌లో ఏయే డేటాబేసులున్నాయో వెబ్ పేజీలో చూపించడం ఎట్లా అని మొన్న ఫోన్లో అడిగారు కదా, తీరిగ్గా రాస్తున్నా.

పని చిన్నదే. వెబ్ పేజీలు రాసే పీహెచ్‌పీ భాషలోంచి, డేటాబేసులను నడిపే మైఎస్‌క్యూఎల్‌కు కనెక్ట్ అయ్యాక 'షో డేటాబేసెస్' అని ఒక్క క్వెరీ, అంటే ప్రశ్న, పంపితే పేర్లన్నీ వరసగా వస్తాయి. లూప్‌లో ఒక్కొక్కటే తీసుకుని రాసుకోవడమే. పాత పుస్తకాల్లో 'మైఎస్‌క్యూఎల్ లిస్ట్ డీబీస్' అనే ఫంక్షన్ కనిపిస్తే దాని జోలికి పోవద్దు. 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7 ఆ ఫంక్షన్ ఉండే పాత ఎక్స్‌టెన్షన్ మొత్తాన్నీ పీకేసింది. డేటాబేసుకు కనెక్ట్ కావడానికి పీహెచ్‌పీలోనే ఉన్న పీడీఓ పట్టుకోండి.

తిరకాసంతా ఆ వచ్చిన పేర్ల దగ్గరే ఉంది. మన మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల వ్యాపారి ఒకాయనకు లెక్కల పేజీ చేసిచ్చా. పోయినేటికి ఒక డేటాబేసు, ఈ ఏటికి ఒకటి. ఇంట్లో రెండూ కనిపించాయి. అద్దె సర్వర్‌కు ఎక్కించాక చూస్తే ఈ ఏటిదీ, సర్వర్ తన సొంతానికి ఉంచుకునే 'ఇన్ఫర్మేషన్ స్కీమా' అనేదీ, అంతే. పోయినేటి బాకీలన్నీ మాయం! బయట లారీ నుంచి మూటలు దించుతున్నారు, ఈయన చిట్టా అడుగుతున్నాడు, నాకేమో టెన్షన్. రెండు గంటలు బ్యాకప్ కోసం వెతికా.

ఏమీ పోలేదు. ఇంట్లో అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్‌తో లాగిన్ అయ్యేవాణ్ణి. సర్వర్‌లో పెట్టిన యూజర్‌కు పోయినేటి డేటాబేసు మీద పర్మిషన్ ఇవ్వడం మరిచిపోయా. తన తాళాల గుత్తిలో తాళంచెవి లేని గోడౌన్ మాటే ఎత్తని వాచ్‌మన్ లాంటిది సర్వర్. ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. మామూలు యూజర్‌కు ఏదో ఒక హక్కున్నవాటి పేర్లే ఇస్తుంది. అన్నీ కనబడాలంటే, ఆ క్వెరీ పేరే ఉన్న 'షో డేటాబేసెస్' అనే హక్కు విడిగా సర్వర్ మొత్తానికి ఇవ్వాలి. నలుగురు పంచుకునే అద్దె సర్వర్‌లో దాన్ని అడగడం కూడా నాకు నచ్చదు, పక్కవాడి పేర్లు మనకెందుకు?

ఏదైనా కనిపించకపోతే ముందు 'షో గ్రాంట్స్' అని అడిగి, మీ యూజర్‌కు ఏమేం హక్కులున్నాయో చూడండి. అంతేగానీ విసుగొచ్చి రూట్ పాస్‌వర్డ్ తెచ్చి స్క్రిప్టులో పెట్టొద్దు.

పని అయ్యాక ఆ లిస్టు పేజీ తీసేయండి. నేను తీయలేదు. ఒకరోజు వ్యాపారి గుమాస్తా అది తెరిచి, "సార్, ఈ ఇన్ఫర్మేషన్ స్కీమా ఏ ఊరాయన, బాకీ ఎంత?" అని అడిగాడు.

మీ పెద్దనాయన