పసిపేగుకు పాలు పంపే కబురు

1867లో హెన్రీ నెస్లే ఆవుపాలు, గోధుమపిండి, చక్కెరలతో పసిపిల్లల ఆహారం తయారు చేసినప్పుడు ఉద్దేశం ఒక్కటే: తల్లిపాలు అందని బిడ్డ బతకాలి. ఆ తర్వాత డబ్బాపాలను చాలాకాలం పోషకాల లెక్కలతోనే మెరుగుపరిచారు. ఆవుపాల ప్రొటీన్లలో సుమారు 80 శాతం కేసీన్, అంటే పాలు విరిగినప్పుడు గడ్డకట్టేది. తల్లిపాలలో మాత్రం విరిగిన నీటిలో మిగిలే వే ప్రొటీన్లదే పైచేయి. 1960లలో ఈ నిష్పత్తిని తల్లిపాలకు దగ్గరగా తెచ్చారు. బిడ్డ బరువు పెరుగుతోందా లేదా అన్నదే అప్పటి ప్రధాన కొలత.

పాలు పేగును కూడా పెంచుతాయన్న ఆలోచనకు 1976లో గట్టి ఊతం దొరికింది. అప్పుడే పుట్టిన పందిపిల్లలకు బ్రిటిష్ పోషకాహార శాస్త్రవేత్త ఎల్సీ విడోసన్ బృందం ముర్రుపాలు పడితే, ఒక్క రోజులోనే వాటి పేగుల బరువు బాగా పెరిగింది. ఆవు ముర్రుపాలతో ఇష్టంగా జున్ను వండుకునే మన ఇళ్లలోనే, తల్లి ముర్రుపాలు బిడ్డకు పడవని పిండి పారబోసిన రోజులున్నాయి. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

1980లో శాస్త్రవేత్త గ్రాహం కార్పెంటర్, తల్లిపాలలో కణవిభజనను పురికొల్పే ముఖ్య పదార్థం ఎపిడర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ అని చూపాడు. 1987లో పాలలోని మరో ప్రొటీన్ లాక్టోఫెరిన్ వంతు వచ్చింది: అది ఎలుక పేగు కణాలలో డీఎన్ఏ తయారీని పెంచింది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది తర్వాతి సంగతి. ప్రయోగశాలలో పెంచిన పేగు కణాలకు లాక్టోఫెరిన్ ఎక్కువ మోతాదులో అందితే అవి విభజన చెందాయి, తక్కువ మోతాదులో అందితే పరిణతి వైపు మళ్లాయి. ముర్రుపాలలో ఈ ప్రొటీన్ దండిగా ఉండి, రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. అంటే మొదట పెరగమని, తర్వాత పరిణతి చెందమని పాలు పేగుకు కబురు పంపుతున్నట్టుంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఏ పాలు అందుతాయన్నది ప్రాణాల మీది విషయం. 1990లో బ్రిటన్‌లో అలాంటి 926 మందిని పరిశీలించారు. తల్లిపాలు మాత్రమే తాగినవారితో పోలిస్తే, డబ్బాపాలే తాగినవారిలో పేగు కుళ్లే జబ్బు 6 నుంచి 10 రెట్లు ఎక్కువగా కనిపించింది.

మరి లాక్టోఫెరిన్‌ను విడిగా ఇస్తే సరిపోతుందా? 2019లో వెలువడిన బ్రిటన్ పరీక్షలో నెలలు నిండని సుమారు 2,200 మంది శిశువులలో సగం మందికి ఆవుపాల లాక్టోఫెరిన్ ఇచ్చారు, ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. పాలలో కలిసి పనిచేసే వందల పదార్థాల నుంచి ఒకదాన్ని ఏరి ఇవ్వడం చాలదనే నా అభిప్రాయం. అందుకే కన్నతల్లి పాలు అందనప్పుడు దాతల పాలవైపు చూస్తారు. ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో 1989లోనే తల్లిపాల బ్యాంకు మొదలైంది. క్రిములు చావడానికి ఆ పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట వేడి చేయాలి కనుక లాక్టోఫెరిన్ చాలావరకు పోతుంది. అయినా నెలలు నిండని బిడ్డకు డబ్బాపాలకన్నా ముందు వాటినే ఇస్తారు.