యాంటీ టీపీఓ నంబర్ చూసి థైరాయిడ్ గోలీ మార్చకండి

నల్గొండలో ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మొన్న దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకామె రిపోర్టు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "సార్, ఆరు వందలు దాటింది. గోలీ డబుల్ వేసుకోవాల్నా?" ఆ ఆరు వందలు యాంటీ టీపీఓ, అంటే థైరాయిడ్ గ్రంథి మీద పడే యాంటీబాడీల లెక్క. వేసుకుంటున్న గోలీతో ఆమె టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే టెస్టు) చక్కగానే ఉంది.

అపోహ: నంబర్ ఎంత పెరిగితే జబ్బు అంత ముదిరినట్టు.

వాస్తవం: ఈ టెస్టు జబ్బుకు కారణం చెప్తుంది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథి మీద పడుతోందా అన్నది దీంతో తెలుస్తుంది. ఇలా రోగనిరోధక శక్తి దాడితో థైరాయిడ్ దెబ్బతినే హషిమోటో జబ్బు ఉన్నవాళ్ళలో 90 శాతం దాకా ఇది పాజిటివ్ వస్తుంది. గ్రంథి ఎలా పనిచేస్తోందో చెప్పేది టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4. గోలీ డోసు వాటిని బట్టే. టెస్టు చేసే కిట్టు మారితే యాంటీబాడీ నంబరూ మారుతుంది. ఒకసారి పాజిటివ్ అని తేలాక నెలనెలా మళ్ళీ చేయించుకోవడం డబ్బు దండగ. ల్యాబ్‌లో ఉండి నేనే ఈ మాట చెప్తున్నాను.

అపోహ: నెగెటివ్ వస్తే హషిమోటో లేనట్టే.

వాస్తవం: కొందరికి జబ్బు ఉన్నా నెగెటివే వస్తుంది. అప్పుడు డాక్టర్లు థైరాయిడ్ గ్రంథి స్కానింగ్ చూస్తారు.

మర్రిగూడ, మునుగోడు వాళ్ళు ఫ్లోరైడ్ నీళ్ళ వల్లే ఇది పాజిటివ్ వచ్చిందా అని అడుగుతుంటారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఈ టెస్టు నీళ్ళ సంగతి చెప్పలేదు.

అపోహ: జుట్టు గోలీలకూ థైరాయిడ్ టెస్టుకూ సంబంధం లేదు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. థైరాయిడ్ తగ్గితే జుట్టు ఊడుతుంది. ఊడుతోందని బయోటిన్ అనే విటమిన్ గోలీలు మొదలుపెట్టి, అవి వేసుకుంటూనే టెస్టుకు వస్తారు. బయోటిన్ ఆధారంగా నడిచే కిట్లలో దాని పెద్ద డోసు వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా కనపడొచ్చు. థైరాయిడ్ ఎక్కువయ్యే గ్రేవ్స్ జబ్బుకు చేసే ట్రాబ్ టెస్టు కూడా తప్పుగా పాజిటివ్ రావచ్చు. మామూలుగా థైరాయిడ్ ఎక్కువైతే టీఎస్‌హెచ్ తగ్గుతుంది. అంటే తక్కువ థైరాయిడ్ ఉన్న మనిషికి ఎక్కువ థైరాయిడ్ ఉన్నట్టు రిపోర్టు! డాక్టర్‌ను అడిగి కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపి రండి. ఆపకపోతే రక్తం ఇచ్చేముందే చెప్పండి.

పరగడుపున రావాల్సిన పనిలేదు.

యాంటీ టీపీఓ పాజిటివ్ ఉన్న ఆడవాళ్ళు గర్భం అని తెలియగానే టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. సగం నెలలు నిండేదాకా సుమారు నాలుగు వారాలకోసారి చూడాల్సి ఉంటుంది. కాన్పు తర్వాత కూడా థైరాయిడ్ తేడా చేయొచ్చు. పాత రిపోర్టు పారేయకుండా మొదటిరోజే డాక్టరమ్మ చేతికివ్వండి.