ఫ్యూచర్ పర్ఫెక్ట్ టెన్స్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఈ కాలం తెలుగులో లేదు కనుక సూత్రాన్ని బట్టీ పట్టడం తప్ప మార్గం లేదు.

వాస్తవం: ఇంగ్లీషు వ్యాకరణం బోధిస్తూ నేను తరచుగా వినే మాట ఇది. నిజానికి ఈ కాలాన్ని మనం తెలుగులో రోజూ వాడుతూనే ఉన్నాం. "మీరు వచ్చేసరికి ఉత్తరం రాసేసి ఉంటాను" అన్నప్పుడు, మాట్లాడే వ్యక్తి ఇంకా రాని ఒక క్షణం దగ్గర నిలబడి, అప్పటికి ముగిసిపోయే పనిని వెనుదిరిగి చూస్తున్నాడు. "బై ద టైమ్ యూ కమ్, ఐ విల్ హావ్ రిటన్ ద లెటర్" అనే వాక్యం చేసే పనీ అదే. 'రాసేసి' ఉన్నచోట 'రిటన్', 'ఉంటాను' ఉన్నచోట 'విల్ హావ్' వచ్చాయి. దీనికి బదులు "వెన్ యూ కమ్, ఐ విల్ రైట్ ద లెటర్" అంటే, మీరు వచ్చాకే రాయడం మొదలుపెడతానని అర్థం మారిపోతుంది.

అపోహ: హీ, షీ, ఇట్ కర్తలైతే 'విల్ హ్యాజ్' అనాలి.

వాస్తవం: కర్త ఎవరైనా 'విల్ హావ్' మాత్రమే, ఆపైన క్రియ మూడో రూపం. 'విల్ హావ్ వెంట్' తప్పు, 'విల్ హావ్ గాన్' ఒప్పు.

అపోహ: రెండు పనులూ భవిష్యత్తువే కనుక రెండుచోట్లా 'విల్' ఉండాలి.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువసార్లు దిద్దే తప్పు "బై ద టైమ్ యూ విల్ కమ్" అన్నదే. కాలాన్ని సూచించే ఉపవాక్యంలో 'యూ కమ్' అంటే సరిపోతుంది. మన 'వచ్చేసరికి' అనే మాటను గమనించండి: "నేను వచ్చేసరికి వెళ్లిపోయాడు", "నేను వచ్చేసరికి వెళ్లిపోయి ఉంటాడు" అనే రెండింటిలోనూ అది మారలేదు, భవిష్యత్తు సంగతిని ప్రధాన క్రియే చెప్పింది.

అపోహ: 'బై', 'అంటిల్' ఒకటే.

వాస్తవం: 'బై ఫైవ్' అంటే ఐదింటికల్లా, 'అంటిల్ ఫైవ్' అంటే ఐదింటి వరకు. పని పూర్తయ్యే గడువు చెప్పేటప్పుడు 'బై' వాడాలి.

అపోహ: పని తప్పక ముగిసిపోవాలి.

వాస్తవం: "బై నెక్స్ట్ జూన్, వి విల్ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్" అన్నవారు జూన్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్నారని కాదు. వచ్చే జూన్‌కి వారు అక్కడ ఉండబట్టి పదేళ్లు నిండుతాయి, ఆ తరువాతా అక్కడే ఉండవచ్చు.

అపోహ: ఇది భవిష్యత్తుకే పరిమితం.

వాస్తవం: నాకు అత్యంత ఇష్టమైన ప్రయోగం దీనికి భిన్నమైనది. "షీ విల్ హావ్ రీచ్డ్ హోమ్ బై నౌ" అనే వాక్యంలో భవిష్యత్తు ఏమీ లేదు, జరిగిపోయిందని నమ్మకంగా చేసే ఊహ మాత్రమే ఉంది. తెలుగులోనూ అదే 'ఉంటుంది' వస్తుంది: "ఈపాటికి ఇంటికి చేరి ఉంటుంది." ఆ నమ్మకం సడలితే మనం "చేరి ఉండవచ్చు" అంటాం, ఇంగ్లీషులో 'విల్ హావ్' స్థానంలో 'మే హావ్' వస్తుంది.