మందు మానడానికి కూడా మందు కావాలి: డీటాక్స్, రీహాబ్ గురించి రోజూ వినే అపోహలు

డీఅడిక్షన్ వార్డులో నా పని సగం మందులు రాయడమైతే, మిగతా సగం ఇంట్లోవాళ్లు ఎక్కడెక్కడో విని నమ్ముకొచ్చిన మాటల చిక్కు విప్పడం. పైగా మన భాషలో తాగేదీ మందే, మాన్పించేదీ మందే. "మందు మానేయమన్నారు కదా" అని నేను రాసిన మాత్రలు మానేసి వచ్చినోళ్లున్నారు, నవ్వకండి.

అపోహ: గట్టిగా అనుకుంటే ఇంట్లోనే ఒక్కరోజులో మానేయొచ్చు

దీని గురించే ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఇది ప్రాణాల మీదకి తెచ్చే అపోహ. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషిలో ఆల్కహాల్ బ్రెయిన్‌కి బ్రేక్ వేస్తూ ఉంటే, బ్రెయిన్ దానికి పోటీగా యాక్సిలరేటర్ తొక్కడం అలవాటు చేసుకుంటుంది, ఇప్పుడు సడెన్‌గా బ్రేక్ మీంచి కాలు తీసేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఆఖరి పెగ్గు తర్వాత 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి, ఫిట్స్ వచ్చేవాళ్లకి ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వచ్చేస్తాయి, ఆ తర్వాత 2 నుంచి 4 రోజుల మధ్య కొంతమందికి డెలీరియం ట్రెమెన్స్, అంటే ఒళ్లు వణుకుతూ మతి చెదిరి లేనివి కనిపించే స్థితి, వస్తుంది. అది ఎమర్జెన్సీయే, ట్రీట్‌మెంట్ లేకపోతే మనిషి పోవచ్చు.

ఒకాయన డ్రైవర్. మూడో రోజు రాత్రి బెడ్ మీద కూర్చుని గాల్లో స్టీరింగ్ తిప్పుతున్నాడు, మధ్యలో గేరు మారుస్తున్నాడు, మళ్లీ ఆగి దుప్పటి మీద లేని చీమల్ని దులుపుకుంటున్నాడు. ఒళ్లు కాలిపోతోంది, గుండె నిమిషానికి 130 కొట్టుకుంటోంది. వాళ్లావిడ "మూడ్రోజులై చుక్క ముట్టలేదు, ఇప్పుడు తాగినోడిలా మాట్లాడుతున్నాడేంటి డాక్టర్‌గారూ" అని ఏడుస్తోంది. ఇంట్లో ఉండుంటే గదిలో పెట్టి గొళ్లెం వేసేవాళ్లమని తర్వాత ఆవిడే చెప్పింది.

డీటాక్స్ అంటే ఇలా కాకుండా చూడడమే. క్లోర్‌డయాజెపాక్సైడ్, డయాజెపామ్ లాంటి బ్రెయిన్‌ని శాంతింపజేసే మందులు, లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకి లోరాజెపామ్, వణుకు చెమట చూసుకుంటూ డోసు వేసి కొద్దిరోజుల్లో మెల్లగా తగ్గించుకుంటూ వస్తాం. అలాగని అందరూ అడ్మిట్ కావక్కర్లేదు. తక్కువ తాగేవాళ్లు, ఇంతకుముందు ఫిట్స్ రానివాళ్లు, పక్కన చూసుకునే మనిషి ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పినట్టు ఇంట్లో ఉండే మానొచ్చు. ఒకసారి ఫిట్స్ వచ్చుంటే మాత్రం ఇంట్లో ప్రయోగాలు చెయ్యకండి, ఎన్నిసార్లు ఆపి మొదలెడితే తర్వాతిసారి అంత ఘోరంగా ఉంటుంది.

నిద్రమాత్రలకి అలవాటుపడ్డవాళ్లదీ ఇదే కథ, టక్కున ఆపితే ఫిట్స్ రావచ్చు.

అపోహ: సెలైన్ ఎక్కిస్తే ఒంట్లో విషమంతా కడిగేస్తుంది

కడగదు. ఆల్కహాల్‌ని తీసేసేది లివరే, దానికి తొందరపెట్టే బాటిల్ ఏదీ లేదు. అంతకన్నా ముఖ్యం, రోజూ తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్, అదే థయామిన్, అడుగంటి ఉంటుంది, అది ఇవ్వకుండా ఊరికే గ్లూకోజ్ ఎక్కిస్తూ పోతే వెర్నికీ అనే బ్రెయిన్ జబ్బు ముదరొచ్చు, జ్ఞాపకశక్తి మళ్లీ రాకుండా పోయినవాళ్లని చూశాను. అందుకే ముందు థయామిన్ ఇంజెక్షన్.

అపోహ: పది రోజులు ఉంచి పంపిస్తే బాగైపోయినట్టే

డీటాక్స్‌తో ఒళ్లు కుదుటపడుతుంది, అంతే. సాయంత్రం ఆరింటికి కాళ్లు ఎటు లాగుతాయి, జీతం వచ్చిన రోజు ఏం చెయ్యాలి, పాత ఫ్రెండ్ ఫోన్ చేస్తే ఏం చెప్పాలి, అవన్నీ రీహాబ్‌లో నేర్చుకోవాలి, దానికి నెలలు పడుతుంది. మూడు నెలలకి తక్కువైతే పెద్దగా నిలబడదని మా ఫీల్డులో అందరూ ఒప్పుకునే మాట, అయితే మూడు నెలలూ లోపలే ఉండాలని కాదు, వచ్చిపోతూ తీసుకున్నా లెక్కే.

హెరాయిన్ లాంటివాటిలో ఈ అపోహ ఇంకా ప్రమాదం. మానేటప్పుడు ఒళ్లు నొప్పులు, విరేచనాలతో నరకం కనిపిస్తుంది కానీ ప్రాణం పోవడం అరుదు, అసలు ప్రాణం పోయేది బయటికొచ్చాక. ఒంటికి ఓర్చుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది, మనిషి మాత్రం పాత డోసే వేసుకుంటాడు, ఊపిరి ఆగిపోతుంది. హెరాయిన్ మీద కోరికని అదుపులో పెట్టే బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ ఇస్తే "ఒక వ్యసనం బదులు ఇంకోటి అంటగట్టారు" అని తిడతారు. అవి 2005 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ అత్యావశ్యక మందుల లిస్టులో ఉన్నాయి, ఇలాంటి చావుల్ని తగ్గిస్తాయి. డోసు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే దానికి విరుగుడుగా ఇచ్చే నలొక్సోన్ కూడా ఇంట్లో పెట్టుకోమంటాను.

అపోహ: తెలీకుండా తిండిలో మాత్ర కలిపితే తనే మానేస్తాడు

ఆ మాత్ర డైసల్ఫిరామ్. దాని మీద తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం కూడా పోవచ్చు, ఆపేశాక రెండు వారాల దాకా ఆ రియాక్షన్ రావచ్చు. తెలిసి, ఒప్పుకుని వేసుకుంటేనే అది మందు.

మరి సెంటర్ ఎలా ఎంచుకోవాలి

గార్డెన్, ఏసీ ఫోటోలు పక్కనపెట్టండి. రాత్రి 2 గంటలకి ఫిట్స్ వస్తే లేచేది ఎవరు అని అడగండి, డాక్టరా, నర్సా, వాచ్‌మెనా? డిప్రెషన్ ఉంటే దానికి కూడా వైద్యం చేస్తారా? ఇంటికెళ్లాక ఎవరు ఫాలో అప్ చేస్తారు? "100 శాతం గ్యారెంటీ" అన్నారంటే అక్కడే లేచి వచ్చేయండి, ఎందుకంటే 40 నుంచి 60 శాతం మంది మళ్లీ మొదలెడతారు, బీపీ, ఆస్తమా పేషెంట్లు ట్రీట్‌మెంట్ తప్పేది కూడా దాదాపు అంతే. చూడ్డానికి ఇంట్లోవాళ్లని రానివ్వకపోతే అనుమానించండి, ఒక సెంటర్ నుంచి నా దగ్గరికొచ్చిన కుర్రాడి మణికట్ల మీద తాడు గుర్తులున్నాయి, క్రమశిక్షణట!

ఆ డ్రైవర్ ఐదు నెలలు బాగున్నాడు, తర్వాత మళ్లీ తాగాడు. ఈసారి నెల ఆగలేదు, వారానికే ఫోన్ చేశాడు. ఆఖరి పెగ్గు ఎప్పుడు అన్నాను. "నాలుగ్గంటలైంది డాక్టర్‌గారూ, చేతులు మొదలవ్వలేదింకా, బయల్దేరాం. బండి మా తమ్ముడు నడుపుతున్నాడు."