ఎడిసన్ అంటే మనూరేనా? ఒక రియల్టర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలో, మిడిల్‌సెక్స్ కౌంటీ చుట్టుపక్కల ఇళ్లు చూపించడం నా పని. క్లయింట్లలో మనవాళ్లే ఎక్కువ. ఇల్లు నచ్చిందా లేదా అనేది తర్వాత, ముందు ఇక్కడి ఎడిసన్ ఊరి గురించి తలా ఒక కథ చెప్తారు. వాట్సాప్ గ్రూపులో విన్నది, బావమరిది చెప్పింది, ఇండియాలో ఉండగానే చెవిన పడ్డది. వాటిలో సగం నిజం కాదు. మిగతా సగంలో కొన్ని నిజమే కానీ అవి పక్క ఊరివి. ఎక్కువగా వినబడేవి ఇవి.

అపోహ: థామస్ ఎడిసన్ పుట్టింది ఇక్కడే, అందుకే ఆ పేరు.

ఆయన పుట్టింది ఒహాయో రాష్ట్రంలోని మైలాన్‌లో, 1847లో. ఇక్కడ మెన్లో పార్క్ అనే చోట ల్యాబ్ పెట్టింది 1876లో. మా వృత్తివాళ్లకు నచ్చే సంగతి ఒకటుంది: అప్పటికి మెన్లో పార్క్ ప్లాట్లు సరిగా అమ్ముడుపోని ఒక రియల్ ఎస్టేట్ వెంచర్. రైల్వే లైను పక్కన, న్యూయార్క్‌కు మరీ దూరం కాకుండా, చవగ్గా దొరికింది కాబట్టి ఆయన కొన్నాడు. 1877లో ఫోనోగ్రాఫ్, 1879లో ఎక్కువసేపు వెలిగే బల్బు అక్కడే తయారయ్యాయి. క్రిస్టీ స్ట్రీట్‌లో కరెంటు దీపాలు వెలిగించి చూపిస్తే జనం రైళ్లెక్కి వచ్చి చూసి వెళ్లారు.

ఆయన మాత్రం ఇక్కడ పట్టుమని పదేళ్లు కూడా నిలవలేదు. 1887లో వెస్ట్ ఆరెంజ్‌లో ఇంకా పెద్ద ల్యాబ్ కట్టుకున్నాడు, 1931లో పోయిందీ ఆ ఊళ్లోనే. పాత ల్యాబ్ శిథిలమైపోతే, హెన్రీ ఫోర్డ్ 1929లో మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో దాన్ని మళ్లీ నిలబెట్టాడు. మిగిలిన సామాన్లే కాదు, ఇక్కడి మట్టిని కూడా రైల్లో తరలించుకుపోయాడు. కాబట్టి ఎడిసన్ ల్యాబ్ చూడాలని ఎడిసన్‌కు వచ్చే చుట్టాలకు దొరికేది 1938లో ప్రారంభించిన స్మారక స్తంభం, దాని నెత్తిన పెద్ద బల్బు, పక్కన చిన్న మ్యూజియం. పిల్లలను తీసుకెళ్లండి, బాగానే ఉంటుంది. ల్యాబ్ కోసం అయితే డెట్రాయిట్ ఫ్లైటెక్కాలి.

అపోహ: ఊరు 1954లో పుట్టింది.

1954లో మారింది పేరు. ఊరు 1870లోనే పిస్కాటవే, వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌ల నుంచి విడదీసిన ముక్కలతో రారిటన్ టౌన్‌షిప్‌గా ఏర్పడింది. అందులోంచి మెటుచెన్ 1900లో, హైలాండ్ పార్క్ 1905లో విడిపోయాయి. మెటుచెన్ విడిపోయిన తీరు చిత్రంగా ఉంటుంది. మ్యాపులో చూస్తే గారె మధ్యలో చిల్లులా, చుట్టూ ఎడిసన్, నడుమ మెటుచెన్.

దీనివల్లే ఎడిసన్‌కు డౌన్‌టౌన్ లేదు. "ఊరు సెంటరెక్కడ?" అని పెద్దవాళ్లు అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. నడుచుకుంటూ తిరగగలిగే మెయిన్ స్ట్రీట్ మెటుచెన్‌కు వెళ్లిపోయింది. ఎడిసన్‌కు మిగిలినవి స్టెల్టన్, బోన్‌హామ్‌టౌన్, నిక్సన్, క్లారా బార్టన్, ఓక్ ట్రీ, మెన్లో పార్క్ లాంటి పాత పల్లెలు, వాటి మధ్య పరుచుకున్న కాలనీలు. ఒకదానికొకటి పోలిక ఉండదు.

అపోహ: ఓక్ ట్రీ రోడ్ అంటే ఎడిసన్.

ఇది మాత్రం డబ్బుతో ముడిపడ్డ అపోహ. చీరల కొట్లు, నగల షాపులు, దోసె హోటళ్లు దట్టంగా కనిపించే భాగం చాలావరకు ఐసెలిన్‌లో ఉంది. ఐసెలిన్ వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లోది. న్యూయార్క్ వెళ్లేవాళ్లు రోజూ రైలెక్కే మెట్రోపార్క్ స్టేషన్ కూడా అంతే. అదే రోడ్డు మీద కాస్త ముందుకెళ్తే ఎడిసన్, ఇంకా వెళ్తే సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్. రోడ్డు ఒకటే, మున్సిపాలిటీలు వేరు, అంటే స్కూళ్లూ పన్నులూ పోలీసులూ అన్నీ వేరు.

పోస్టల్ అడ్రస్‌ను నమ్ముకోవద్దు. మెటుచెన్ అడ్రస్‌తో ఉత్తరాలు వస్తూ, పన్ను ఎడిసన్‌కు కట్టే ఇళ్లున్నాయి. జిప్ కోడ్ పోస్టాఫీసు తన సౌకర్యం కోసం పెట్టుకున్నది, దానికీ ఊరి హద్దుకూ సంబంధం లేదు. న్యూజెర్సీలో ప్రతి స్థలానికీ బ్లాక్ నంబర్, లాట్ నంబర్ ఉంటాయి. ప్రాపర్టీ టాక్స్ రికార్డు తెరిస్తే ఆ రెండూ, ఏ మున్సిపాలిటీయో, ఏటా ఎంత పన్నో కనిపిస్తాయి. ఆ పన్నులో పెద్ద వాటా స్కూళ్లకే పోతుంది. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు, ఇలా మూణ్నెల్లకోసారి కట్టాలి. ఓపెన్ హౌస్‌లో గ్రానైట్ కౌంటర్‌టాప్ చూసి మురిసిపోయే ముందు ఈ కాగితం చూడమంటాను. ఎవరూ చూడరు.

అపోహ: ఇదంతా అడవి, మన ఐటీ వాళ్లొచ్చాకే ఊరైంది.

1950లో ఇక్కడి జనాభా 16,348. 1960కి 44,799. 1970కి 67,120. ఇరవై ఏళ్లలో నాలుగు రెట్లు, అప్పటికి మనవాళ్లు ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఊరిని పెంచింది యుద్ధం తర్వాత వచ్చిన ఫ్యాక్టరీలు, హైవేలు. 1948లో రూట్ 1 మీద ఫోర్డ్ కార్ల ప్లాంట్ తెరిచారు. 1960ల్లో మస్టాంగ్ కార్లు అక్కడ తయారయ్యాయి. 1950ల మొదట్లో టర్న్‌పైక్ అనే టోల్ హైవే, ఆ దశాబ్దం చివరికి మెన్లో పార్క్ మాల్, తర్వాత 287 హైవే వచ్చాయి. ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి, సైనికులకిచ్చే హోమ్ లోన్‌తో చిన్న ఇల్లు కొనుక్కున్న కుటుంబాల ఊరిది. సౌత్ ఎడిసన్‌లో ఇప్పటికీ కనిపించే ఒకే మాదిరి కేప్ కాడ్ ఇళ్లు, పైన వాలు కప్పు కింద తల తగిలే రెండు బెడ్‌రూములు, అప్పటివే. "ఇంత చిన్నగా ఎందుకు కట్టారు?" అని క్లయింట్లు విసుక్కుంటారు. ఒక్క జీతంతో కొనగలగాలని కట్టారు మరి.

ఫోర్డ్ ప్లాంట్ 2004లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు షాపింగ్ సెంటర్ ఉంది. కాస్ట్‌కో, సామ్స్ క్లబ్ కార్డుల గురించి మాట్లాడుకునే మనవాళ్లకు అక్కడ ఒకప్పుడు కార్లు తయారయ్యేవంటే ఆశ్చర్యం.

అపోహ: ఎడిసన్ నిండా తెలుగువాళ్లే.

శనివారం మధ్యాహ్నం బిర్యానీ పాయింట్ ముందు నిలబడితే అలాగే అనిపిస్తుంది, కాదనను. 2010 జనాభా లెక్కల్లో ఊళ్లో భారత సంతతి వాళ్లు 28 శాతం. మొత్తం ఆసియా వాళ్లు 43, తెల్లవాళ్లు 44 శాతం. 2020కి ఊరి జనాభా 1,07,588కి చేరింది, ఆసియా వాటా ఇంకా పెరిగింది. ఆ ఆసియాలో చైనీయులు, ఫిలిప్పీన్స్ వాళ్లు, కొరియన్లు, పాకిస్తానీలు అందరూ ఉన్నారు. 2006లో మేయరైన జున్ చోయ్ కొరియన్ సంతతివాడు. భారత సంతతి మేయర్ శామ్ జోషి రావడానికి 2022 దాకా పట్టింది.

మనవాళ్లలోనూ దారి వేసింది గుజరాతీలు. 1965 ఇమిగ్రేషన్ చట్టం తర్వాత డాక్టర్లు, ఇంజనీర్లు ఈ చుట్టుపక్కల ఫార్మా, టెలిఫోన్ కంపెనీల్లోకి వచ్చారు. తర్వాత వాళ్ల బంధువులు వచ్చి మోటెళ్లు, కొట్లు పెట్టారు. వెలవెలబోతున్న ఓక్ ట్రీ రోడ్‌లో 1980ల చివర, 1990ల్లో షట్టర్లు ఎత్తింది ఎక్కువగా వాళ్లే. 1990ల నడుమ నవరాత్రి గర్బా వేళల మీద టౌన్‌షిప్ ఆంక్షలు పెడితే వ్యవహారం ఫెడరల్ కోర్టుదాకా వెళ్లింది. మన తెలుగువాళ్లు గుంపుగా దిగింది 2000 నాటి వైటూకే సమయంలో, హెచ్1బి వీసా మీద. అప్పటికి కరివేపాకు దొరికే కొట్టూ ఉంది, పండగ చేసుకునే హక్కు కోసం కొట్లాటా జరిగింది. మన గ్రూపుల్లో గుజరాతీల మీద జోకులు చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

అపోహ: సబర్బ్ కదా, ప్రమాదాలూ కాలుష్యమూ ఉండవు.

1917లో ఆర్మీ ఇక్కడ నది ఒడ్డున రారిటన్ ఆర్సెనల్ అనే ఆయుధాగారం పెట్టి, 1960ల మొదట్లో మూసేసింది. సుమారు 3,200 ఎకరాలు. ఇప్పుడు అందులో కమ్యూనిటీ కాలేజీ, పర్యావరణ సంస్థ ఈపీఏ ఆఫీసులు, రారిటన్ సెంటర్ గోడౌన్లు, మన సంఘాలు పెద్ద సభలు పెట్టే ఎక్స్‌పో హాలు ఉన్నాయి. అక్కడి నేలలో పేలని మందుగుండు కోసం ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ ఏళ్ల తరబడి వెతికింది. 1924లో నిక్సన్‌లో నైట్రేట్ ఫ్యాక్టరీ పేలి 20 మంది దాకా చనిపోయారు. కిన్-బక్ అనే పాత డంప్ యార్డు ఫెడరల్ సూపర్‌ఫండ్ జాబితాలోకి, అంటే బాగా కలుషితమై శుభ్రం చేయాల్సిన స్థలాల జాబితాలోకి ఎక్కింది.

అందరికీ దగ్గరగా తగిలేది డర్హమ్ వుడ్స్. 1994 మార్చి 23 అర్ధరాత్రి వేళ, అపార్ట్‌మెంట్ల పక్కన భూమిలో ఉన్న పెద్ద గ్యాస్ పైపు పగిలి మంటలు ఆకాశానికి లేచాయి. ఎనిమిది బిల్డింగులు కాలిపోయాయి. జనం చేతికందిన పిల్లలను ఎత్తుకుని పరిగెత్తారు, అందుకే ప్రాణనష్టం దాదాపు తప్పింది. గుండెపోటుతో ఒకరు పోయారు. ఎప్పుడో తవ్వకాల్లో తగిలిన దెబ్బే పైపును బలహీనం చేసిందని విచారణలో తేలింది. ఆ ఏడాదే రాష్ట్రంలో, తవ్వే ముందు కబురు చేయాలన్న చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ నంబర్ 811. పెరట్లో ఫెన్సింగ్ స్తంభాలు పాతినా, డెక్ కట్టినా, ఆఖరికి మామిడిమొక్క బతుకుతుందని ఆశపడి గొయ్యి తవ్వినా ముందు 811కి ఫోన్ చేయాలి. ఉచితం. వచ్చి ఎక్కడ ఏ లైన్లున్నాయో రంగుతో గీసి వెళ్తారు.

అపోహ: ఏ వీధిలో మనవాళ్లున్నారో ఏజెంటుకు తెలుసు, కావాలనే చెప్పడు.

"అన్నా, మనవాళ్లుండే ఏరియా చూపించండి" అనని క్లయింట్ ఉండడు. నేను చెప్పను. 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికే సంతకమైన ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, మతం, పుట్టిన దేశం చూసి కొనేవాళ్లను ఒక వీధికి మళ్లించడం చట్టవిరుద్ధం. నల్లవాళ్లను ఫలానా కాలనీల దరిదాపులకు రానివ్వకుండా ఏజెంట్లు దశాబ్దాలపాటు చేసిన పని అది. "ఇది ఇండియన్స్ ఏరియా" అని నేను మీకు ప్రేమగా చెప్పినా, "ఇక్కడ ఇండియన్స్ ఎక్కువైపోయారు" అని ఇంకొకడు ఇంకొకరికి చెవిలో చెప్పినా చట్టం దృష్టిలో ఒకటే. నా లైసెన్స్ పోవచ్చు.

ట్రాక్టులు అనే చిన్న చిన్న ప్రాంతాలవారీగా సెన్సస్ లెక్కలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కూడా సర్వేల్లో అడుగుతారు, తెలుగుకు విడిగా లెక్క ఉంది. చూసుకోండి. లేదా ఆదివారం సాయంత్రం ఆ వీధిలో ఒక చుట్టు నడవండి. ఇల్లు కొనేది మీరు, ఆ పని మీరు చేసుకుంటే ఏ చట్టమూ అడ్డు రాదు. నన్ను అడగాల్సినవి వేరే ఉన్నాయి: పైకప్పు వయసెంత, బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చాయా, పెరట్లో పాత ఆయిల్ ట్యాంక్ పాతిపెట్టి ఉందా, ఈ ఇంటి పిల్లలు ఊళ్లోని హైస్కూళ్లలో జేపీ స్టీవెన్స్‌కు వెళ్తారా, ఎడిసన్ హైకి వెళ్తారా.